మన వాతావరణంలో అరుదైన కాక్టస్‌లు: మేడ మీద పాలీహౌస్, బెట్ట, పూత

శిలాపుష్పం | హైదరాబాద్ | అక్టోబరు 12

అందరికీ నమస్కారం. ఈ వారం మా మేడ మీద అరియోకార్పస్‌లు మొగ్గ తొడిగాయి. వాటిలో రెటూసస్ జాతి ముందు, ఫిస్సురాటస్ జాతి ఇప్పుడిప్పుడే. ఏడాదంతా బూడిదరంగు రాయిలా పడి ఉండే మొక్క నడినెత్తిన ఉన్న తెల్లటి నూగులోంచి గులాబీ రంగు మొగ్గ పైకి వస్తోంది. ఫొటోలు జత చేశాను.

పోయినసారి ఇక్కడ చాలామంది "గ్రీన్‌హౌస్ లేకుండా ఇవి పూయవా" అని అడిగారు. అందుకే విడిగా ఈ చర్చ మొదలుపెడుతున్నా. చలిదేశాల్లో గ్రీన్‌హౌస్ వేడిని పట్టి ఉంచడానికి. మనకి ఆ అవసరం లేదు. మన దగ్గర దాని పని వాన ఆపడం, ఎండని సగం చేయడం, అంతే. నాది జీఐ పైపుల చట్రం, పైన 200 మైక్రాన్ యూవీ షీటు, నాలుగు పక్కలా గోడ లేదు, వల మాత్రమే. మార్చి నుంచి జూన్ దాకా షీటు కింద 50 శాతం గ్రీన్ నెట్ లాగుతాను. వానలు మొదలవగానే నెట్ తీసేస్తాను. పక్కలు మూసేసి ఉంటే మేలో లోపల 50 డిగ్రీలు దాటిపోతుంది, కుండీ మొక్కలు చాలావరకు దెబ్బతింటాయి.

అరియోకార్పస్ మనకి ఎందుకు కుదురుతుందో చెప్తాను. దాని సొంత ఊరు మెక్సికో ఉత్తరాన ఉన్న చిహువాహువా ఎడారి, దాని చుట్టుపక్కల కొండలు. అక్కడ కూడా వానలు ఎక్కువగా జూలై నుంచి సెప్టెంబరు దాకా పడతాయి, చలికాలం పొడి. అంటే దాని క్యాలెండర్, మన నైరుతి క్యాలెండర్ దాదాపు ఒకటే. వానలతో పాటు నీళ్లు, వానలు వెళ్లగానే పూత, తర్వాత సంక్రాంతి దాటేదాకా నీళ్లు ఆపి నోరు కట్టేయడం. ఈ వరస పట్టుకుంటే ఎరువుల గొడవ పెద్దగా లేదు.

మీ మీ ఊళ్లలో ఏవి పూస్తున్నాయో రాయండి. ముఖ్యంగా డిస్కోకాక్టస్ ఎవరి దగ్గరుందో చూడాలని ఉంది.

సుధ_వైజాగ్ | విశాఖపట్నం | అక్టోబరు 12

అబ్బ, ఏం రంగండీ అది! మా సముద్రపు గాలికి అరియోకార్పస్ బతుకుతుంది గానీ మనస్ఫూర్తిగా ఉండదు. గాలిలో తేమకి ఆ నూగు నల్లబడిపోతుంది.

డిస్కోకాక్టస్ మాత్రం వైజాగ్‌కి పుట్టిల్లే అనుకోండి. బ్రెజిల్, పక్కనే బొలీవియా, పరాగ్వే మొక్కలవి. 15 డిగ్రీల కిందికి పోతే వాటికి ఇబ్బంది, మాకు ఆ భయం దాదాపు లేదు. నా దగ్గర జెంట్నెరీ, ప్లాసెంటిఫార్మిస్ ఉన్నాయి. మొక్క ముదిరాక నెత్తిన ఊలు టోపీ కడుతుంది, దాన్నే సెఫాలియం అంటారు. పూత ఆ టోపీలోంచే. పొద్దున చూస్తే చిన్న మొన కనబడుతుంది, ఒకటి రెండు రోజుల్లో సాయంత్రం చీకటి పడే వేళకి పొడుగాటి తెల్లపువ్వు విచ్చుకుంటుంది. ఆ వాసనకి కింది అంతస్తు వాళ్లు కూడా పైకి వస్తారు. తెల్లారేసరికి వాలిపోతుంది. అడవిలో వీటిని రాత్రిపూట తిరిగే పెద్ద చిమ్మటలు పరాగసంపర్కం చేస్తాయి. అందుకే అంత తెలుపు, అంత వాసన.

షెడ్డు గురించి ఒక్క మాట. కోస్తాలో ఉన్నవాళ్లు షీటుని తాడుతో కట్టకండి. అల్యూమినియం ప్రొఫైల్‌లో జిగ్‌జాగ్ స్ప్రింగ్‌తో బిగించండి, తుఫాను హెచ్చరిక వస్తే పది నిమిషాల్లో ఊడదీసి చుట్టేయొచ్చు. 2014 హుద్‌హుద్ చూసినవాళ్లకి నేను విడమరచి చెప్పక్కర్లేదు. షీటు ఉండిపోతే గాలి చట్రంతో సహా ఎత్తుకుపోతుంది.

కొత్తకుండీ | కరీంనగర్ | అక్టోబరు 13

నేను ఈ మధ్యే మొదలుపెట్టినా అన్నా. కాలింపాంగ్ నుంచి వచ్చినవని ఎర్రబంతి కాక్టస్‌లు అమ్ముతుంటే తెచ్చుకున్నా, ఏడాది తిరగకుండా ఒకటి పోయింది. ఎకినాప్సిస్ ఒకటుంది, పిల్లలు పెడుతది కానీ పువ్వు లేదు. అసలు పూత చూడాలంటే దేనితో మొదలుపెట్టాలె? మీరందరు చెప్పే పేర్లు వింటుంటేనే టెన్షన్ వస్తుంది.

మదనపల్లె_మాస్టారు | మదనపల్లె | అక్టోబరు 13

బాబూ, కంగారు పడకు. ఆ ఎర్రబంతి జిమ్నోకాలిషియం మిహనోవిచీలో పత్రహరితం లేని రకం. సొంతంగా ఆహారం తయారు చేసుకోలేదు. కింద పచ్చగా మూడు పలకలుగా ఉన్నది డ్రాగన్ ఫ్రూట్ జాతి కాండం, దాని మీదే బతుకుతుంది. కింది కాండం చలికి గానీ, తడికి గానీ కుళ్లితే పైదీ పోతుంది. నీ పెంపకం లోపమని అనుకోవద్దు, ఆ అంటు ఆయుష్షే కొన్నేళ్లు.

ఎకినాప్సిస్ సంగతి వేరు. పిల్లలన్నీ తీసేసి, తల్లి మొక్కని పూర్తి వెలుతురులో పెట్టి, డిసెంబరు, జనవరి నెలల్లో చుక్క నీరు పోయకుండా ఉంచు. మార్చిలో పక్కలనుంచి నల్లటి వెంట్రుకల బొడిపెలు వస్తే అవి మొగ్గలు.

ఇక అందరికీ పనికొచ్చే ఒక విషయం. కాక్టస్‌లు పగలు ఆకురంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తాయి. రాత్రి పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్‌ని ఆమ్లంగా దాచుకుని పగటి వెలుతురులో వాడుకుంటాయి. ఎండలో నీరు ఆవిరి కాకుండా వాటి ఏర్పాటు అది. కానీ రాత్రి కూడా వేడిగా ఉంటే? రంధ్రాలు సరిగ్గా తెరుచుకోవు. మే నెలలో హైదరాబాద్‌లో, విజయవాడలో రాత్రి 28, 30 డిగ్రీలుంటే మెక్సికో మెట్టనేలల మొక్క పని ఆపేసి పడుకుంటుంది. అప్పుడు "పాపం ఎండిపోతోంది" అని నీళ్లు పోస్తే వేరు తాగదు, మట్టి తడిగా ఉండిపోతుంది, కుళ్లు మొదలవుతుంది. చాలామంది మొక్కలు వానాకాలంలో పోయాయని అనుకుంటారు. నిజానికి వాటికి మేలోనే దెబ్బ తగిలి ఉంటుంది.

సుధ_వైజాగ్ | అక్టోబరు 13

మాస్టారూ, మీరు చెప్పింది మెక్సికో వాటికి ఒప్పుకుంటా. కానీ నా డిస్కోలకి, మెలోకాక్టస్‌లకి మేలో నీళ్లు ఆపితే టోపీ కింద ఒళ్లు ముడతలు పడిపోతుంది. నేను వారానికోసారి సాయంత్రం నిండుగా పోస్తాను, పూత ఆగదు.

మదనపల్లె_మాస్టారు | అక్టోబరు 13

అమ్మా, అది నూటికి నూరు పాళ్లు సరి. అవి వెచ్చటి రాత్రుల్లోనే పుట్టిన మొక్కలు, వాటి వేర్లు పైపైన ఉంటాయి, మరీ ఎండితే మళ్లీ లేవడం కష్టం. అందుకే "కాక్టస్‌కి నీళ్లెప్పుడు" అనే ప్రశ్నకి ఒకే జవాబు లేదు. ఏ మొక్కదైనా సొంత ఊరు ఏది, అక్కడ రాత్రి ఎంత చల్లగా ఉంటుంది, వాన ఏ నెలలో పడుతుంది, ఈ మూడూ తెలుసుకున్నాకే కుండీ దగ్గరికి వెళ్లాలి.

నల్గొండ_బత్తాయి | నల్గొండ | అక్టోబరు 13

మాకు తోటలో ఇదే లెక్క. బత్తాయికి నీళ్లు ఆపి బెట్ట పెట్టి, ఆకు వాడినాక తడిస్తేనే పూత కట్టగట్టి వస్తది. కాక్టస్‌కి కూడా బెట్ట ఇస్తేనే పూత అని అర్థమైంది. ఒక డౌట్. పూత కోసం 0-52-34 (భాస్వరం, పొటాష్ ఎరువు) స్ప్రే చేయొచ్చా? ఇంట్లో డబ్బా ఉంది.

శిలాపుష్పం | అక్టోబరు 13

అన్నా, బెట్ట అనేది సరైన మాట. ఇక నుంచి నేనూ అదే వాడతా.

0-52-34 వాడొచ్చు కానీ ఒంటి మీద స్ప్రే వద్దు, నూగు, పైపూత మరకలు పడతాయి. లీటరుకి అర గ్రాము కలిపి మట్టిలో పోయండి, అదీ ఎదిగే నెలల్లో నెలకోసారి. బెట్టలో ఉన్నప్పుడు ఏ ఎరువూ వద్దు. యూరియా, డీఏపీ దగ్గరికి రానీయకండి. నత్రజని ఎక్కువైతే మొక్క ఉబ్బి, ఒళ్లు నిలువునా పగులుతుంది, పూత వెనక్కి పోతుంది.

నీళ్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్‌లో ఎరువు కంటే ఇదే పెద్ద సమస్య. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కొన్నాళ్లకి కుండీ అంచున తెల్లటి పెచ్చు కడుతుంది, మట్టి క్షారం వైపు పోతుంది, వేరు ఎదుగుదల ఆగిపోతుంది. పైకి మొక్క బాగానే కనిపిస్తుంది, పూయదు. నేను వాననీరు డ్రమ్ముల్లో పట్టి ఉంచుతా. అది అయిపోతే ఏసీ నుంచి కారే నీళ్లు పట్టుకుంటా, వాటిలో ఉప్పు ఉండదు. అదీ లేకపోతే బోరు నీళ్లలో కొంచెం సిట్రిక్ యాసిడ్ కలిపి పీహెచ్ స్ట్రిప్‌తో 6 దగ్గరికి తెచ్చి పోస్తా. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం ససేమిరా వద్దు, బోరులో ఉన్న ఉప్పంతా అందులో ఇంకా చిక్కబడి ఉంటుంది.

పాడేరు_టీచర్ | పాడేరు | అక్టోబరు 14

ఇక్కడ ఎవరూ రెబూటియా పేరెత్తకపోతే నేను చెప్తాను. బొలీవియా, అర్జెంటీనా ఆండీస్ కొండల మొక్కలు, రెండు మూడు వేల మీటర్ల ఎత్తులో కూడా ఉంటాయి. కింద మైదానంలో వేసవికి ఉడికిపోతాయి. మా ఏజెన్సీలో మాత్రం డిసెంబరు, జనవరి రాత్రులు ఒంటి అంకె డిగ్రీలకి దిగుతాయి. ఆ రెండు నెలలూ పూర్తి బెట్ట. ఫిబ్రవరి చివర్లో మొక్క అడుగునుంచి ఎర్రటి మొగ్గలు గుంపుగా వస్తాయి. మొగ్గ స్పష్టంగా కనిపించేదాకా నీళ్లు పోయకూడదు. తొందరపడితే ఆ మొగ్గే పిల్లమొక్కగా మారిపోతుంది.

మాకున్న ఇబ్బంది పొగమంచు. రాత్రంతా ఆకాశం నుంచి తడి దిగుతూనే ఉంటుంది, బెట్ట ఎక్కడిది? అందుకే నా షెడ్డుకి పైన షీటు తప్పనిసరి, ఒక చిన్న ఫ్యాన్ కూడా పెట్టాను. గాలి కదిలితే చాలు, బూజు రాదు. అరకు, లంబసింగి వైపు వాళ్లు ఎవరైనా ఉంటే ఆండీస్ మొక్కలు తప్పకుండా ప్రయత్నించండి. మైదానంలో డబ్బు పోసినా రాని పూత మనకి ఊరికే వస్తుంది.

కొత్తకుండీ | అక్టోబరు 14

అందరికీ థాంక్స్. కరీంనగర్ ఎండకి రెబూటియా వద్దన్నట్టే కదా. మరి నాకు ఏవి?

సుధ_వైజాగ్ | అక్టోబరు 14

తమ్ముడూ, మొట్టమొదట ఫ్రైలియా తెచ్చుకో. బొటనవేలంత మొక్క, గింజ నుంచి ఒకటి రెండేళ్లలోనే పూత దశకి వస్తుంది. కాస్టానియా రకమైతే చాక్లెట్ రంగులో ఉంటుంది. దాని ప్రత్యేకత, మంచి ఎండ వేడి ఉంటేనే పువ్వు విప్పుతుంది. లేకపోతే మొగ్గ విప్పకుండానే లోపల తనకి తానే ఫలదీకరణ చేసుకుని కాయ కట్టేస్తుంది. పువ్వు చూడకుండానే గింజలు వచ్చాయని ఆశ్చర్యపోవద్దు. గింజలు ఎక్కువకాలం నిలవ ఉండవు, రాగానే విత్తుకోవాలి. మొక్క కూడా దీర్ఘాయుష్షు కాదు, అందుకే ఎప్పుడూ చిన్న తరం ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి.

రెండోది మెలోకాక్టస్ మటన్జానస్. క్యూబాలోని మటన్జాస్ ప్రాంతపు మొక్క. మెలోలలో చిన్నగా ఉండగానే టోపీ కట్టే రకం ఇదే. టోపీ మొదలయ్యాక కింది గుండు ఎదగడం ఆగిపోతుంది, తర్వాత ఎదుగుదలంతా టోపీదే. చిన్న గులాబీ పూలు మధ్యాహ్నం దాటాక తెరుచుకుంటాయి. ఒక్క మొక్క ఉన్నా కాయ కడుతుంది. మిరపకాయ ఆకారంలో గులాబీ కాయలు టోపీలోంచి బయటికి పొడుచుకొస్తాయి. ఉడుతల కంటపడితే నీకు గింజ మిగలదు, వల కట్టుకో. టోపీ మీద నీళ్లు పోయొద్దు, తల తడిస్తే కుళ్లు లోపలికి దిగుతుంది. ఒకసారి కుదురుకున్నాక కుండీ మార్చడం కూడా తగ్గించు, దాని వేరు కదిలిస్తే ఏడాది అలుగుతుంది.

శిలాపుష్పం | అక్టోబరు 14

దీనికి ఆస్ట్రోఫైటమ్ ఆస్టెరియాస్ కలపండి. ముళ్లుండవు, ఎనిమిది పలకల చదునైన గుండు మీద తెల్లచుక్కలు. పసుపు పువ్వు, మధ్యలో ఎరుపు. వేసవి మొదలు నుంచి వానలు అయ్యేదాకా విడతలుగా పూస్తుంది. అందరూ పొరబడేదేమంటే ముళ్లు లేని ఎడారి మొక్క కదా అని నిటారు ఎండలో పెడతారు. అడవిలో అది పొదల నీడన, సగం మట్టిలో దూరి ఉంటుంది. నెట్ కింద పెట్టండి.

డాలస్_తోటమాలి | డాలస్ | అక్టోబరు 15

ఆస్టెరియాస్ పేరు వచ్చింది కాబట్టి నేనూ కలుస్తాను. మా టెక్సాస్‌లో అది ఇప్పుడు అడవిలో మిగిలింది స్టార్ కౌంటీ ఒక్కచోటే, అవతల మెక్సికోలో కొన్ని చోట్ల. 1993లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించిపోతున్న జాతిగా ప్రకటించింది. పొదలు కొట్టి పొలాలు చేయడం ఒక కారణం, తవ్వి అమ్ముకోవడం ఇంకొకటి.

మా గ్రీన్‌హౌస్ మీకు పూర్తిగా తలకిందులు. రెండు పొరల పాలీకార్బొనేట్, చలికాలం హీటర్, రాత్రి 5 డిగ్రీల కింద పడకుండా థర్మోస్టాట్. వేసవిలో అదే షెడ్డుని చల్లబరచడానికి ఫ్యాన్లు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో డాలస్ దాదాపు మైనస్ 19 డిగ్రీలకి పడిపోయింది, కరెంటు లేదు. ఆ రాత్రులు గుర్తొస్తే ఇప్పటికీ గుండె దడ. కుండీలన్నీ ఇంట్లోకి మోశాం, నేల మీద అడుగు పెట్టే చోటు లేదు. అప్పుడు కళ్లారా చూసిందేంటంటే, పొడిగా ఉన్న మొక్కలు తడిగా ఉన్నవాటికంటే చాలా ఎక్కువ చలి తట్టుకున్నాయి. ఫిస్సురాటస్ అయితే మా రాష్ట్రంలోనే బిగ్ బెండ్ కొండల్లో పుట్టే మొక్క, పొడిగా ఉంటే గడ్డకట్టే చలిని లెక్కచేయదు. అంటే బెట్ట వల్ల పూతే కాదు, చలికి ఓర్పు కూడా.

చలిదేశాల్లో ఉన్న మనవాళ్లకి ఒక హెచ్చరిక. పొగగొట్టం లేని గ్యాస్ హీటరు షెడ్డులో పెట్టకండి. సరిగా మండకపోతే ఎథిలిన్ వస్తుంది, మొగ్గలన్నీ రాలిపోతాయి, తేమ కూడా పెరుగుతుంది. మనిషికి కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం సరేసరి.

కొత్తకుండీ | అక్టోబరు 15

అన్నా, సంక్రాంతికి ఇండియా వస్తున్నారా? వస్తే నాలుగు ఆస్టెరియాస్, అరియోకార్పస్ గింజలు జేబులో వేసుకొని రారాదు?

డాలస్_తోటమాలి | అక్టోబరు 15

తమ్ముడూ, అడిగినందుకు తప్పులేదు గానీ తేలేను. ఈ రెండూ అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్నాయి. డిస్కోకాక్టస్ జాతులన్నీ కూడా అందులోనే. వాటి గింజలకి కూడా పర్మిట్లు కావాలి. పైగా విత్తనం ఏదైనా ఇండియాలోకి రావాలంటే 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం దిగుమతి అనుమతి, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు లేవనే ధ్రువపత్రం) ఉండాలి. జేబులో వేసుకొస్తే అది దొంగ రవాణా కిందే లెక్క.

ఇది రూలు కోసం మాత్రమే చెప్పడం లేదు. 2020లో ఇటలీ పోలీసులు ఒక ఇంట్లో వెయ్యికి పైగా కాక్టస్‌లు పట్టుకున్నారు. చిలీలోని అటకామా ఎడారి నుంచి పెకిలించి తెచ్చిన కోపియాపోవా, ఎరియోసైస్ మొక్కలు. ఎనిమిది వందలకి పైగా 2021లో తిరిగి చిలీకి పంపారు, మిగతావాటిలో చాలా చచ్చిపోయాయి. వందేళ్ల వయసున్న మొక్కని పెకిలించి ఎవరో ఒకరి మేడ మీద పెట్టుకోవడం నాకు మింగుడు పడదు. మన దేశంలోనే గింజ నుంచి పెంచినవి దొరుకుతున్నాయి, వాటినే కొనండి.

మదనపల్లె_మాస్టారు | అక్టోబరు 15

చక్కగా చెప్పావు నాయనా. కొనేటప్పుడు అడవి మొక్కని గుర్తుపట్టడం కష్టం కాదు. అడుగు భాగం బెరడు కట్టి, ఒళ్లంతా గాయాల మచ్చలు, ఆకారం వంకరగా, వేరు నరికేసి ఉంటే అనుమానించాలి. కుండీలో పెరిగినది మట్టసంగా, ఒకే తీరుగా ఉంటుంది. అరచేతి కంటే పెద్ద కోపియాపోవా తక్కువ ధరకి ఎవరైనా అమ్ముతుంటే దూరం జరగడమే మంచిది.

కడియం_అంటు | కడియపులంక | అక్టోబరు 16

నమస్తే అండి. మాది నర్సరీ కుటుంబం. అడవి మొక్క అక్కర్లేకుండా పూత త్వరగా చూడాలంటే అంటు ఒక్కటే దారండి. సొంత వేరు మీద అరియోకార్పస్ పూత చూడాలంటే ఎనిమిది, పదేళ్లు ఓపిక పట్టాలి. అదే కొన్ని వారాల వయసున్న మొలకని పెరెస్కియాప్సిస్ అనే చురుగ్గా ఎదిగే కాక్టస్ కాండం మీద కడితే రెండు మూడేళ్లలో పూస్తుంది. కొంచెం పెద్ద మొక్కలకి డ్రాగన్ ఫ్రూట్ కాండం చాలు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ డ్రాగన్ తోటలు వచ్చాయి, కత్తిరింపులప్పుడు అడిగితే కొమ్మలు ఊరికే ఇస్తారు.

కట్టే పద్ధతి చెప్తాను. కాండం నీళ్లతో నిండుగా, చురుగ్గా ఎదుగుతున్నప్పుడే కట్టాలి. ఫిబ్రవరి, మార్చి మంచివి, మళ్లీ వానల మధ్య తెరిపి ఇచ్చిన రోజులు. బ్లేడుని స్పిరిట్‌తో తుడవాలి, ప్రతి కోతకీ తుడవాలి. రెండింటినీ అడ్డంగా కోసి, కాండం అంచుల్ని ఏటవాలుగా చెక్కాలి, లేకపోతే ఎండినప్పుడు మధ్యభాగం లోపలికి గుంజుకుపోతుంది. కోసిన ముఖంలో చిన్న వలయం కనబడుతుంది, నీరు పారే నాళాలవి. పైదాని వలయం, కిందిదాని వలయం ఎక్కడో ఒకచోట ఒకదాన్నొకటి దాటేలా పెట్టాలి. సరిగ్గా మధ్యలో పెట్టాలన్న పట్టింపు వద్దు, పైది మరీ చిన్నదైతే ఒక పక్కకి జరపాలి. రబ్బరు బ్యాండుతో ఒత్తిడి సమానంగా ఉండాలి. నీడలో వారం. ఆ వారంలో పైన ఒక్క చుక్క తడి పడకూడదు.

శిలాపుష్పం | అక్టోబరు 16

గౌరవంతోనే విభేదిస్తున్నా అండి. అంటు మీద పెరిగిన అరియోకార్పస్ ఉబ్బిపోయి, ఆ బిగువైన రాతి రూపం పోతుంది. దాని ఒంట్లో ముఖ్యమైన భాగం మట్టికింద ఉండే ముల్లంగి లాంటి వేరు. అది లేకుండా అది సగం మొక్కే. పదేళ్లు పట్టినా సొంత వేరు మీదే చూడాలన్నది నా అభిప్రాయం.

కడియం_అంటు | అక్టోబరు 16

మీరన్నది అందం విషయంలో నిజమేనండి. నేను అంటు కట్టేది గింజ కోసం. అంటు మొక్కలు త్వరగా పూసి గింజలిస్తే, ఆ గింజలతో మీలాంటివాళ్లు సొంత వేరు మొక్కలు పెంచుకుంటారు. బజారులో గింజ మొక్కలు చవగ్గా దొరికినప్పుడే కదండీ అడవిలో తవ్వేవాడికి గిరాకీ పడిపోయేది? కావాలంటే ఎదిగాక అంటు విడదీసి వేరు పట్టించొచ్చు కూడా.

మదనపల్లె_మాస్టారు | అక్టోబరు 16

ఈ విషయంలో నేను కడియం_అంటు పక్షం. శిలాపుష్పం గారి దగ్గర ఉన్నంత ఓపిక అందరికీ ఉండదు. ఇద్దరి మొక్కలూ ఉండాల్సిందే.

నల్గొండ_బత్తాయి | అక్టోబరు 17

మట్టి ఏం కలుపుతున్నరో ఎవ్వరు చెప్పలే. పెర్లైట్, ప్యూమిస్ అంటే మా దగ్గర దొరకవు.

శిలాపుష్పం | అక్టోబరు 17

అవి లేకపోయినా నడుస్తుంది అన్నా. క్వారీ దగ్గర 3 నుంచి 6 మిల్లీమీటర్ల చిప్స్ తెచ్చుకుని, దుమ్మంతా పోయేదాకా కడగండి. పలుగురాళ్ల ముక్కలైతే ఇంకా మేలు. పాత ఇటుకలు దంచి జల్లెడ పట్టిన ముక్కలు నీటిని కాస్త పట్టి ఉంచుతాయి. ఈ రెండూ కలిపి నాలుగింట మూడు వంతులు, మిగతా వంతు జల్లించిన ఎర్రమట్టి, బాగా మాగిన ఆకుమన్ను. నల్లరేగడి ఒక్క గుప్పెడు కూడా వద్దు. కోకోపీట్ కూడా వద్దనే అంటా. వానాకాలంలో త్వరగా ఆరదు.

మొక్క కొనగానే ఆ కోకోపీట్ కడిగేసి వేర్లు చూడండి. తెల్లటి పిండి ముద్దలు కనిపిస్తే అది వేరు పిండినల్లి. పైకి ఏమీ తెలియదు, మొక్క ఎదగదు, పూయదు, "బెట్ట సరిపోలేదేమో" అని మనం అనుకుంటూ ఉంటాం. వేర్లు నీళ్లతో పూర్తిగా కడిగి, ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ద్రావణంలో ముంచి, నీడలో వారం ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటండి. నీళ్లు మరో వారం తర్వాతే.

సుధ_వైజాగ్ | అక్టోబరు 17

వేసవిలో ఎర్రనల్లి కూడా చూసుకోండి. నడినెత్తి తుప్పు పట్టినట్టు గోధుమరంగుకి మారితే అదే. ఆ మచ్చ జీవితంలో పోదు. భూతద్దం పెట్టి నెలకోసారి చూడటం ఒక్కటే రక్షణ.

డాలస్_తోటమాలి | అక్టోబరు 18

శిలాపుష్పం గారూ, మీ మొగ్గలు విచ్చుకోకముందే ఒక మాట. మీ దగ్గర రెటూసస్‌లు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి కదా. అరియోకార్పస్ సాధారణంగా తన పుప్పొడితో తాను గింజ కట్టదు, వేరువేరు గింజల నుంచి పుట్టిన రెండు మొక్కలు కావాలి. మధ్యాహ్నం పూలు పూర్తిగా విప్పినప్పుడు మెత్తని బ్రష్‌తో అటుదిటు, ఇటుదటు. ఇంకొకటి, మొగ్గ మీదున్నప్పుడు కుండీని తిప్పకండి, చోటు మార్చకండి, మొగ్గ ఆగిపోతుంది.

శిలాపుష్పం | అక్టోబరు 18

తప్పకుండా. కాయలు నూగులోనే దాక్కుని ఎండాక బయటపడతాయి. అవి వచ్చాక గింజలు ఇక్కడివాళ్లకి పోస్టులో పంపుతా. ఈ వేసవి ఆస్టెరియాస్ గింజలు ఇప్పుడే ఉన్నాయి, కొత్తకుండీ తమ్ముడూ, అడ్రస్ ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టు.

కొత్తకుండీ | అక్టోబరు 18

పెట్టినా అన్నా, చాలా సంతోషం. విత్తుడు ఎట్లనో కూడా చెప్పు. జిప్‌లాక్ కవర్ పద్ధతి అని చదివినా. కవర్ ఎప్పుడు తెరవాలె?

శిలాపుష్పం | అక్టోబరు 19

చిన్న కుండీలో సన్నగా జల్లించిన అదే మట్టి వేసి, కుక్కర్‌లోనో మైక్రోవేవ్‌లోనో ఆవిరి పట్టు. చల్లారాక కాచి చల్లార్చిన నీళ్లతో అడుగునుంచి తడుపు. గింజల మీద మట్టి కప్పొద్దు, పైన ఊరికే చల్లు, వెలుతురు తగలాలి. కవర్‌లో పెట్టి మూసేసి, నేరుగా ఎండ పడని వెలుగున్న కిటికీ దగ్గర పెట్టు. 25 నుంచి 30 డిగ్రీలు బాగుంటుంది, ఇప్పుడు మీ ఊళ్లో అదే ఉంది. తాజా ఆస్టెరియాస్ గింజ రెండు మూడు రోజుల్లో మొలుస్తుంది, అందుకే మొదటి విత్తుకి అదే ఇస్తున్నా.

కవర్‌ని మొలకలు బఠాణీ గింజంత అయ్యేదాకా తెరవక్కర్లేదు. లోపల పచ్చటి నాచు గానీ, బూజు గానీ కనిపిస్తే మాత్రం ముందే తీసి, బూజుకి కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని పలచగా చల్లాలి. తీసేటప్పుడు ఒక్కసారిగా వద్దు, మొదట మూల కొంచెం తెరువు, వారం తర్వాత సగం, ఆ తర్వాత పూర్తిగా. చీమలు గింజలు మోసుకుపోతాయి, కుండీ కింద నీళ్ల పళ్లెం పెట్టుకో. మొదటి చలికాలం చిన్న మొలకలకి బెట్ట వద్దు, తేమ తగలనిస్తూనే ఉండు. రెండో ఏడాది నుంచి పెద్దవాటి లెక్కే.

కొత్తకుండీ | అక్టోబరు 19

సరే అన్నా. కవర్లు, జల్లెడ ఇవాళే తెస్తా. మొలక రాగానే ఫొటో పెడతా.